గొలుసు, గొలుసుకట్టు, మధ్యలో ఒక భూతద్దం

నేను ఒక కన్ను, ఒక కాలు మాత్రమే ఉన్నవాణ్ణి. జాలిపడకండి. ఆ ఒక్క కన్నుతోనే మీ రెండు కళ్ళకూ ఆననివి చూపించాను. ఆ ఒంటికాలితోనే మద్రాసు నుంచి ఆదోని దాకా వచ్చాను. నన్ను భూతద్దం అంటారు. పేరులో భూతం ఉంది గానీ నేనెవరినీ పట్టను, నన్నే ఎవరైనా పట్టుకోవాలి. అందుకే ఒక పిడి ఉంది. పిడి ఉంది కదా అని పిడివాదం ఉందనుకునేరు, అది మనుషుల సొత్తు.

నా కథకు ముందు వడ్రంగి వీరాచారి కథ చెప్పాలి. ఆదోనిలో మౌల్వీ అబ్దుల్ వదూద్ సాహెబ్ ఇంటి వరండాలో కిటికీ బాగుచేస్తున్నాడు. పక్కనే చాప మీద ముగ్గురు కూర్చుని వాదించుకుంటున్నారు.

"ఈ రావీ బలహీనం సార్."

"ఇంకో రావీ ఉన్నాడు కద హజ్రత్, ఆయన గట్టోడే కద?"

"గట్టోడే. ముసలితనంలో కొంచెం కదిలినాడు."

వీరాచారి చిత్రిక కింద పెట్టేశాడు. "సామీ, మీరు పెద్దోళ్ళు. చెప్పకూడదు గానీ, రావి గట్టిదైనా బలహీనమైనా కిటికీకి పనికిరాదు. పురుగు పడతాది. టేకే పెట్టల్ల."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, తర్వాత చాప మీద పడి నవ్వారు. వాళ్ళు మాట్లాడుతున్నది చెట్టు గురించి కాదు. ఒక మాటను చెవితో విని, తర్వాతి తరానికి నోటితో అందించినవాణ్ణి అరబ్బీలో రావీ అంటారు. ఆ సంగతి విప్పి చెప్పాక వీరాచారి తల ఊపి, "మనుషులకైతే పురుగు ఇంకా ముందే పడతాది" అని మళ్ళీ చిత్రిక పట్టాడు. మొత్తం శాస్త్రాన్ని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడని నా అభిప్రాయం.

ఇక నా పుట్టుక. మద్రాసులో కళ్ళజోళ్ళు చేసే ఒక దుకాణంలో నన్ను అరగదీశారు. మీరు అరిగితే మూలపడతారు, నేను అరిగాకే పనికొచ్చాను. ఇత్తడి చుట్టు, నల్లచేవ పిడి తొడిగి ఒక సర్వే ఆఫీసుకు పంపారు. అక్కడ పటాలు గీసే గుమాస్తా నా కింద పొలం గట్లను ఏనుగులంత చేసుకుని చూసేవాడు. అన్నదమ్ములు కోర్టుకెక్కింది ఆ గట్టు కోసమే. ఆయన రిటైరయ్యాక బస్టాండులో చేతులు చూసే జోస్యుడి దగ్గరికి చేరాను. వెంట్రుకంత గీతను చూపిస్తే అందులోంచి ఆయన కారు, మేడ, రెండో పెళ్ళి తీసేవాడు. చూపును పెద్దది చేయడం నా పని, మాటను పెద్దది చేయడం ఆయన పని. ఆ జోస్యుడికి తన చెయ్యి మాత్రం సరిగ్గా కనపడలేదేమో, ఒక వానాకాలం ఊరొదిలేసి వెళ్ళిపోయాడు. ఆయన సామాను సంతకొచ్చినప్పుడు వదూద్ సాబ్ నన్ను కొన్నారు. అలా భవిష్యత్తు డిపార్టుమెంటు నుంచి భూతకాలం డిపార్టుమెంటుకు బదిలీ అయ్యాను. భూతద్దానికి అంతకంటే తగిన ఉద్యోగం ఏముంటుంది?

వదూద్ సాబ్‌కు అప్పటికే డెబ్బై దాటాయి. మసీదు పక్క గదిలో హదీసు చెప్పేవారు. ప్రవక్త అన్న మాట గురించో, చేసిన పని గురించో చెప్పే కథనాన్ని హదీసు అంటారు. ప్రతి హదీసుకూ ముందు ఒక పేర్ల గొలుసు ఉంటుంది. నేను ఫలానా ఆయన దగ్గర విన్నాను, ఆయన ఫలానా ఆయన దగ్గర విన్నారు, ఆయన మరొకరి దగ్గర... అలా ప్రవక్త దాకా. ఆ గొలుసులో ప్రతి పేరునూ పట్టుకుని పండితులు వెయ్యేళ్ళుగా నిలదీస్తున్నారు. ఈయన నిజాయితీపరుడా? జ్ఞాపకశక్తి ఎలాంటిది? పుట్టిందెప్పుడు, పోయిందెప్పుడు? తాను విన్నానంటున్న మనిషిని అసలు కలిసే వీలుందా? మన వీధుల్లో వార్త "ఎవరో అన్నారంట" అని వస్తుంది. ఆ "ఎవరో" ఎవరో అడిగినవాడు మా వీధిలో ఇంతవరకూ పుట్టలేదు.

"సొంత నాయనైనా సరే, బలహీనుడైతే బలహీనుడనే రాయల్ల. రాసినోళ్ళు ఉండారు" అనేవారు వదూద్ సాబ్.

చాప మీద రెండో మనిషి మద్దిలేటి సారు. ప్రభుత్వ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. పొద్దున ఉగ్గాణీ, మిరపకాయ బజ్జీ పొట్లం పట్టుకుని వచ్చేవారు, సాయంత్రం ఒట్టి చేతులతో వచ్చేవారు, వాదన మాత్రం రెండు పూటలా తెచ్చేవారు. "నోటిమాటను నమ్మేదెట్ల హజ్రత్? కాగితం చూపియ్యండి. ఆ కాగితం ఎవరు రాసినారు, ఏంటికి రాసినారు, ఎవరికి లాభం, అది చెప్పండి" అనేవారు. వదూద్ సాబ్ బజ్జీ తుంచుతూ, "కాగితం తనకు తాను పుట్టలేదు కద సార్. దాన్ని రాసినోడు కూడా ఎవరి నోటో వినే రాసింటాడు" అనేవారు. ఇరవై ఏళ్ళుగా ఇదే. బజ్జీలు అయిపోయేవి, వాదన అయ్యేది కాదు.

మూడో మనిషి ముబీనా. హదీసు పండితుల పరిశీలననూ, ఇప్పటి చరిత్రకారుల పద్ధతినీ పక్కపక్కన పెట్టి చదివే పరిశోధన ఆ అమ్మాయిది. దానికోసం ఇద్దరు గురువులను పట్టింది. పట్టిందనడం తక్కువ, ఇద్దరి మధ్యా చిక్కుకుంది. ఆరేళ్ళు వదూద్ సాబ్ దగ్గర చదివింది. ఇక ఆయన ఆ అమ్మాయికి ఇజాజత్ ఇవ్వాలి. అంటే, "నేను నేర్చుకున్నది నీకు చెప్పాను, నువ్వు ఇతరులకు చెప్పవచ్చు" అని గురువు తన గొలుసు చివర శిష్యుడి పేరు చేర్చి రాసే అనుమతి పత్రం. ఆయన చేతి నుంచి ఒక ఆడపిల్లకు అది అందడం అదే మొదలు. వచ్చే శుక్రవారం నమాజు తర్వాత సభ అని పాత శిష్యులందరికీ కబురు పోయింది.

ముబీనా నేర్చుకున్నది ఊరికే పోలేదు. తన పేరు ఏ గొలుసులో చేరబోతోందో, ఆ గొలుసునే పరీక్షకు పెట్టింది. వదూద్ సాబ్ గురువుకు గురువు ఖాదర్ హుసేన్ సాహెబ్. ఆయనకు ఇజాజత్ ఇచ్చినవారు ఇదే మసీదులో ఉండిన ముర్తుజా సాహెబ్. ఆ పత్రం ఇప్పటికీ వదూద్ సాబ్ పెట్టెలో ఉంది, ముద్రతో సహా. తేదీ ముస్లింల హిజ్రీ లెక్కలో పన్నెండు వందల డెబ్బై ఆరు. ఇక ముర్తుజా సాహెబ్ ఎప్పుడు పోయారో తెలియాలి. మసీదు మాన్యం గురించి ఊరి కరణం రాసిన పాత దస్తరం ఒకటి ఉందని విని, ముబీనా కర్నూలు వెళ్ళి దాని జిరాక్సు తెచ్చింది.

సోమవారం పొద్దున నన్ను చేతిలోకి తీసుకుంది. కాగితం మసక. రాత గొలుసుకట్టు, కలం ఎత్తకుండా రాసేది. హదీసువారిది గొలుసు, కరణాలది గొలుసుకట్టు. ఒకరిది ఎక్కడా తెగకూడదని కట్టింది, ఇంకొకరిది ఎవరికీ అర్థం కాకూడదని కట్టింది. అక్షరం అక్షరం మీద జరిపి, ముబీనా నన్ను ఒకచోట ఆపింది. "ముర్తుజా సాయబు ౧౨౭౧లో కాలం చేసినందున, మాన్యం అతని కొమారుడి పేర మార్చడమైనది."

నా కన్ను నిండా ఆ అంకె. ఒకటి, రెండు, ఏడు, ఒకటి. గుమ్మడికాయలంత. ముబీనా దాన్ని మూడుసార్లు చదివింది.

వెంటనే మద్దిలేటి సారుకు ఫోన్ చేసి చదివి వినిపించింది. ఆయనకు కంటిలో శుక్లాలు, ఆపరేషను తర్వాతి నెల. "డెబ్బై ఒకటా? ఖాయమేనా పాపా?" అన్నారు. "ఖాయం సార్." "అయితే చెప్పక తప్పదు తల్లీ" అన్నారు.

సాయంత్రం చాప మీద టీ వచ్చింది. ముబీనా గ్లాసు ముట్టలేదు.

"హజ్రత్, ఒక మాట చెప్పల్ల."

"చెప్పు బేటా."

"ముర్తుజా సాహెబ్ పోయింది డెబ్బై ఒకటిలో. ఖాదర్ హుసేన్ సాహెబ్‌కు పత్రం ఇచ్చింది డెబ్బై ఆరులో."

"అంటే?"

మద్దిలేటి సారు నోరు ఊరుకోదు. "అంటే పోయిన అయిదేండ్లకు సంతకం పెట్టినట్టు హజ్రత్! మా వార్డు ఓటర్ల లిస్టులో ఉండారు అట్లాంటోళ్ళు!" అని పెద్దగా నవ్వి, వదూద్ సాబ్ ముఖం చూసి నవ్వును సగంలో మింగేశారు. ఆ సగం నవ్వు ఆయనకు గొంతులో అడ్డం పడింది. దగ్గారు.

వదూద్ సాబ్ గ్లాసు కింద పెట్టేశారు. ఆయన బాధ తన పరువు పోతుందని కాదు. ఖాదర్ హుసేన్ సాహెబ్ అబద్ధం ఆడినట్టవుతుంది, కలవని మనిషిని కలిశానన్నట్టవుతుంది. ఆయన పేరు చెప్పుకునే వదూద్ సాబ్ ఈ యాభై ఏళ్ళు ఎంతమందికి పత్రాలు రాశారో, అందరి గొలుసూ ఒక్కచోటే తెగుతుంది.

"నువ్వు కండ్లారా చూసినావా?"

"చూసినా హజ్రత్. ఈ అద్దంతోనే."

నేను చాప మీద బోర్లా పడి ఉన్నాను. అంతకు మించి పడుకోవడం నాకు చేతకాదు.

"అయితే తెగింది అని రాయి. రాసినావా? ఇంకొకటి. శుక్రవారం సభ ఉంటాది. నేనే లేచి అందరికీ చెప్తా."

"మీరే ఒకసారి కాగితం చూడండి హజ్రత్" అంది ముబీనా, కాగితం ఆయన ముందుకు జరిపి.

"దావా నాది. తీర్పు నేనిస్తే ఒప్పుకుంటారా ఎవరైనా? నేను చూడను." ఆయన లేచి లోపలికి పోయారు. లోపల గదిలో కలం కర్రుమని గీసిన చప్పుడు వినిపించింది. ఏం రాశారో నాకు అప్పుడు కనబడలేదు, గోడల్లోంచి చూసే విద్య నాకు లేదు.

మంగళవారం, బుధవారం బజ్జీలు రాలేదు. ఇరవై ఏళ్ళ వాదనలో గెలిచిన మద్దిలేటి సారు, ఓడినవాడికంటే డీలాగా గురువారం పొద్దున వచ్చి చాప అంచున కూర్చున్నారు. పొట్లం మాత్రం తెచ్చారు. ఎవరూ విప్పలేదు.

"గెలిచినారు కద సార్, తినండి" అన్నారు వదూద్ సాబ్.

"దిగడంలేదు హజ్రత్."

"ఒక మాట అడుగుతా, తప్పు పట్టుకోవద్దండి. మీరు ఆ కాగితం చూసినారా?"

"పాప చదివింది. నేను విన్నా."

"విన్నారు. ఫోన్లో. అంటే కాగితం దగ్గర పాప విన్నది, పాప దగ్గర మీరు విన్నారు, మీ దగ్గర నేను. ఇది నా శాస్త్రం సార్. ఇరవై ఏండ్లు నోటిమాట నమ్మొద్దని నాకు చెప్పి, ఇప్పుడు మీరే రావీ అయిపోయినారు. మరి మీ శాస్త్రం ఏమంటాది?"

"ఎవరు రాసినారు, ఏంటికి రాసినారు అని అడుగుతాది."

"అడిగినారా?"

"ల్యా."

"దావా నాది, నేను చూడను. మీరు చూడచ్చు కద."

మద్దిలేటి సారు అంత జోరుగా చెయ్యి చాపడం నేను బజ్జీల విషయంలో తప్ప చూడలేదు. ముబీనా కాగితం ఇచ్చింది. ఆయన నన్ను కంటికి ఆనించుకున్నారు. శుక్లాల కన్ను, గొలుసుకట్టు రాత, మసక జిరాక్సు. ముగ్గురు గుడ్డివాళ్ళ సంతలో నేనొక్కణ్ణే చూపున్నవాణ్ణి. ౧౨౭౧ మీద ఆగారు. అదే అంకె. నిట్టూర్చి, నన్ను కిందికి జార్చారు.

ఇక్కడ నేనొక నేరం ఒప్పుకోవాలి. నేను చూపించింది పెద్దదిగా చూపిస్తాను గానీ, చూపించేది ఒక గుండ్రంలోనే. ఆ గుండ్రం బయట ఉన్నది నా లెక్కలో లేనట్టే. సోమవారం ముబీనాకు నేను అంకెను గుమ్మడికాయ చేశాను, దాని కింద నాలుగో వరుసను మింగేశాను. ఆ కంగారులో ఆ అమ్మాయి నన్ను కిందికి జరపలేదు. జరపమని చెప్పే నోరు నాకు లేదు.

నేను జారి ఆగిన ఆ నాలుగో వరుసను సారు పైకి చదివారు: "సదరు సంవత్సరం, అనగా దుర్మతి శ్రావణ మాసమందు వంక పొంగి మసీదు పడమటి గోడ పడినది."

"దుర్మతి?" ముబీనా ఉలిక్కిపడింది. "ముర్తుజా సాహెబ్‌నా సార్ తిట్టింది?"

"మతి లేంది నాకు తల్లీ! అది ఏడాది పేరు. ప్రభవ, విభవ అని అరవై ఉండవా, అందులోది." ఆయన నన్ను పక్కనపెట్టి వేళ్ళు మడవడం మొదలుపెట్టారు. మడిచిన వేళ్ళు మళ్ళీ విప్పారు. "కరణం రాసినాడు. ఏంటికి రాసినాడు? మాన్యం కోసం. కరణం హిజ్రీలో ఏంటికి రాస్తాడప్పా? మా నాయన కరణం కింద తలారి. ఆయన నోట ఎప్పుడూ ఒకటే లెక్క, ఫసలీ! పంటల లెక్క! ఇది ఫసలీ డెబ్బై ఒకటి హజ్రత్, హిజ్రీ కాదు!"

వదూద్ సాబ్ చెయ్యి అడ్డం పెట్టారు. "మూడూ ఇంగ్లీషు లెక్కకు తెచ్చి చెప్పండి."

"ఫసలీకి అయిదు వందల తొంభై కలిపితే పద్దెనిమిది వందల అరవై ఒకటి. దుర్మతి కూడా అదే ఏడాది, రెండు సాక్ష్యాలూ ఒకటే చెప్తుండాయి. ఇంక మీ పత్రం హిజ్రీ డెబ్బై ఆరు, అంటే యాభై తొమ్మిదో అరవయ్యో. ముర్తుజా సాహెబ్ సంతకం పెట్టినాక కూడా ఏడాది పైగా బతికినాడు! టీ తాగినాడు! ఉగ్గాణీ తినింటాడు!"

ముబీనా రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. మదరసాలో పెరిగిన పిల్ల. పన్నెండు వందల చిల్లర అంకె కనబడితే అది హిజ్రీ కాక మరొకటి కాగలదని ఆమెకు తోచలేదు. కరణం మనవడైతే ఈ తప్పు చేయడు, వాడు ఖాదర్ సాహెబ్ పత్రాన్ని ఫసలీ అనుకుని ఇంకో తప్పు చేస్తాడు.

"ఊరకే ఎగరకండి సార్" అన్నారు వదూద్ సాబ్. "కలిసే వీలుందని తేలింది. కలిసినారని తేలలేదు."

"ఆ మాట నేను కద అనల్ల!"

"మా పండితుల్లో వెయ్యేండ్లుగా ఇదే తగువు. ఒకే కాలంవాళ్ళయితే చాలని కొందరు, కలిసినట్టు రుజువుండల్లని కొందరు."

మద్దిలేటి సారు పెట్టెలోని పాత పత్రం అడిగి తీసుకుని, నన్ను ముద్ర మీద పెట్టి అరగంట చూశారు. తర్వాత కరణం దస్తరంలోని పాత కాగితాల ముద్రలు చూశారు. ముర్తుజా సాహెబ్ బతికుండగా మాన్యం రసీదు మీద వేసిన ముద్ర అందులో ఉంది. రెండింటా ఒకేచోట, అంచున చిన్న విరుపు. ఈసారి నన్ను కిందికి, పైకి, నాలుగు పక్కలా జరిపారు. "ముద్ర ఒకటే. నా బుద్ధికి తోచినంతలో పత్రం అసలుదే. ఇంతకంటే గట్టిగా చెప్తే నా శాస్త్రం ఒప్పుకోదు" అన్నారు.

"చాలు. ఎదుటిపక్షం సాక్ష్యం నూటికి సమానం" అని వదూద్ సాబ్ పొట్లం విప్పారు. బజ్జీలు చల్లారిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక గది నిండింది. పత్రం ఎగిరిపోకుండా దాని మీద నన్ను బరువుగా పెట్టారు. మద్దిలేటి సారును మధ్యలో నిలబెట్టి, "జరిగిందంతా మీరే చెప్పండి. నేను చెప్తే నాకు అనుకూలంగా చెప్పినట్టుంటాది" అన్నారు వదూద్ సాబ్.

సారుకు క్లాసు దొరికి పదేళ్ళయింది, వదులుతారా? "అయ్యా, మన ఊర్లో ఒకే మనిషికి మూడు కాలాలు. నమాజుకు హిజ్రీ, భూమికి ఫసలీ, ఉద్యోగానికి ఇంగ్లీషు. మీ భాషలో తారీఖు అంటే తేదీనే, చరిత్ర కూడా తారీఖే అంట కద. ఈ పాప ఒక తారీఖు తప్పు చదివింది, దాంతో తారీఖంతా తారుమారైంది. భూమి లెక్కలో పోయినాయన్ను నమాజు లెక్కలో చంపేసినాం. ఏడేండ్లు ముందే! చదివింది ఈ పాప. చూడకుండా తలూపింది నేను. తప్పులో నాదే పెద్ద వాటా. ఖాదర్ హుసేన్ సాహెబ్ అబద్ధం ఆడలేదు. గొలుసు తెగలేదు." నవ్వులు లేచాయి. వెనక వరుసలో ఒక ముసలి శిష్యుడు కళ్ళు తుడుచుకున్నాడు.

ముబీనా లేచి నిలబడింది. "తప్పు చెప్పినాను హజ్రత్. మూడు దినాలు మీరు అన్నం తినలేదని మీ ఇంట్లో ఖాలా చెప్పింది. నాకు ఇజాజత్ ఇంకో ఏడాది తర్వాత ఇయ్యండి."

వదూద్ సాబ్ నన్ను పక్కకు తీసి, పత్రం ఆ అమ్మాయి చేతికిచ్చారు. "చదువు. అందరికీ వినపడేటట్టు."

ముబీనా చదివింది. పేర్ల వరుస అంతా అయ్యాక ఒక వాక్యం ఉంది: 'ముర్తుజా సాహెబ్‌కూ ఖాదర్ హుసేన్ సాహెబ్‌కూ నడుమ తెంపు ఉందని నా శిష్యురాలు ముబీనా ఈ దినం నా ముఖాన చెప్పింది.' కింద సోమవారం తేదీ. దాని కింద వేరే సిరాతో, 'ఆ తెంపు లెక్క తేడా వల్ల తోచిందనీ, గొలుసు నిలిచే ఉందనీ మద్దిలేటి సారు సాక్ష్యం.' కింద గురువారం తేదీ. అది హిజ్రీలో, ఫసలీలో, ఇంగ్లీషులో, మూడు లెక్కల్లోనూ వేశారు.

"అరబ్బీ పత్రంలో మా మద్దిలేటి నరసింహస్వామి దేవుని పేరా!" అని సారు నోటి మీద చెయ్యి వేసుకున్నారు.

ముబీనాకు ఇంకా అర్థం కాలేదు. "సోమవారమే రాసినారా హజ్రత్? గొలుసు తెగిందని నేను చెప్పిన సాయంత్రమేనా?"

"ఆ సాయంత్రమే."

"అయితే పై మాట తప్పని తేలింది కద. కొట్టెయ్యలేదేం?"

"ఏంటికి కొట్టెయ్యల్ల బేటా? ఇజాజత్ ఇచ్చిందే ఆ మాట చెప్పినందుకు."